ముందస్తు మొక్కు

రాష్ట్ర సత్ప్రవర్తన శాఖ వారు చదివిన పరిశోధన ఒక్కటే. అదీ మొత్తం చదవలేదు, చివరి పేరా చదివారు. ప్రొబేషన్ మీద ఉన్నవాళ్లలో ఆధ్యాత్మికత ఎక్కువ ఉన్నవాళ్లకి భవిష్యత్తు గురించి దిగులు తక్కువగా కనబడుతోందని ఆ పేరాలో ఉంది. కమిషనర్ గారు దాని కింద ఎర్రసిరాతో గీత గీశారు. గీత పడిన వాక్యం మీద ఏదో ఒక చర్య తీసుకోకుండా నిద్రపోవడం ఏ ప్రభుత్వ శాఖకీ చేతకాదు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "భవిష్యత్తును గూర్చిన దిగులే సకల నేరములకు మూలమని శాస్త్రీయముగా తేలినందున, ప్రొబేషన్‌లో ఉన్న వ్యక్తులెవ్వరూ ఇకమీదట సదరు దిగులు కలిగి ఉండరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. దిగులును తొలగించు నిమిత్తము వారియందు ఆధ్యాత్మికతను తగు మోతాదులో పెంపొందించి, నివేదికలు పంపవలెను." దిగులు ఉన్నవారికి జిల్లా దాటే అనుమతులు ఇవ్వకూడదని కూడా అందులోనే ఉంది. దిగులుతో ఉన్న మనిషి పక్క రాష్ట్రంలో నేరం చేస్తే రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు నడపాల్సి వస్తుంది, ఆ దిగులు శాఖకి ఉంది.

గంగరాజుపురం జిల్లాలో ఈ సర్క్యులర్ ముందుగా తగిలింది పొట్నూరు తవిటినాయుడికి.

తవిటినాయుడు లగేజీ ఆటో నడుపుతాడు. ఒకనాడు ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వచ్చి సరిగ్గా అతని గుమ్మం ముందు ఆగిపోయింది. డీజే పెట్టెల మోతకి గోడలు అదురుతున్నాయి. లోపల వేవిళ్లతో నీరసించి పడుకున్న పెళ్ళాం నీలవేణి చెవులు మూసుకుని ఏడుస్తోంది. తవిటినాయుడు వెళ్లి బతిమాలాడు. మళ్లీ వెళ్లి దండం పెట్టాడు. ఆ తర్వాత వెళ్లి వైరు పట్టుకుని లాగాడు. వైరుతోపాటు పెట్టె కూడా వచ్చి పెళ్ళికొడుకు మేనమామ పాదం మీద పడింది.

మేజిస్ట్రేటు గారు మంచాయన. మొదటి తప్పు కదా అని జైలుకి పంపలేదు. ఏడాదిపాటు బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ప్రొబేషన్ మీద వదిలేశారు. ఆ ఏడాదిలో మళ్లీ తప్పు చేసినా, అధికారి అనుమతి లేకుండా జిల్లా దాటినా బాండు రద్దవుతుంది, జైలుకి పోవాలి. అంతకుమించి షరతులేమీ లేవు. తవిటినాయుడు సంతోషంగా సంతకం చేసి ఇంటికొచ్చాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మొదటి కానుపు పుట్టింట్లో జరగాలి. నీలవేణి పుట్టిల్లు సరుగుడుబంద. వాగు దాటితే వస్తుంది. కానీ వాగు అవతల ఒడిశా.

నీలవేణిని పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లారు. నెలలు నిండుతున్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా అత్తగారు ఏదో ఒకటి చెబుతోంది. బీపీ పెరిగిందట, కాళ్లు పొంగాయట, ఆసుపత్రిలో చేర్చమంటున్నారట. తవిటినాయుడు ఆటో ఆపుకుని సత్ప్రవర్తన కార్యాలయానికి వెళ్లాడు.

జిల్లా సత్ప్రవర్తనాధికారి దక్షిణామూర్తి గారు చెడ్డవాడు కాదు. మొన్నటిదాకా ఇలాంటివాళ్లు వస్తే తెల్లకాగితం మీద రాయించుకుని, టీ తాగుతూనే సంతకం పెట్టి పంపేసేవాడు.

"ఎందుకు వెళ్లాలి?" అన్నాడాయన పెన్ను మూత తీస్తూ.

"పురుడు బాబూ. మా ఇంటిదానికి తొలి కానుపు. కాళ్లు పొంగిపోనాయంట. నాకు బెంగగుంది."

దక్షిణామూర్తి గారు పెన్ను మూత మళ్లీ పెట్టేశాడు.

"బెంగ అన్నావా?"

"అన్నాను బాబూ."

"పొరపాటు చేశావు. అదే నువ్వు 'ఊరికే చూసొస్తాను' అని ఉంటే నా చేతిలో పనే. ఇప్పుడు అధికారి సమక్షంలో దిగులు వ్యక్తపరిచావు. నిన్ను మదింపునకు పంపకపోతే నా మీద మెమో వస్తుంది."

మదింపు చెయ్యడానికి ఎవరుండాలన్న దాని మీద శాఖలో చాలా చర్చ జరిగింది. స్వాములను పెడదామంటే ఏ స్వామిని పెట్టినా మిగతా స్వాములకు కోపం. మనస్తత్వ నిపుణులను పెడదామంటే జిల్లాలో ఎవరూ లేరు. చివరికి నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, అప్పటినుంచి పొద్దున్నే మేడ మీద ధ్యానం చేసుకుంటున్న సూర్యప్రకాశం గారిని ఆధ్యాత్మిక మదింపు నిపుణులుగా నియమించారు. ఆయన జీవితమంతా జలాశయాల్లో నీటిమట్టం కొలిచినవాడు. మనిషిలో దిగులు కొలవడం దానికంటే కష్టమేమీ కాదని ఆయన అభిప్రాయం.

సూర్యప్రకాశం గారు కళ్లజోడు సవరించుకుని ప్రశ్నలు మొదలుపెట్టారు.

"రాబోయే సంవత్సరాల్లో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఆటోలోనే బాబూ. సీటు చిరిగిపోనాది, మార్పిద్దారనుకుంటన్నాను."

"అంటే సీటు గురించి దిగులుంది. రేపటి గురించి ఆలోచిస్తే నిద్ర పట్టని సందర్భాలున్నాయా?"

"పిల్ల పుట్టబోతాంది గదా బాబూ, ఎవులికైనా అంతే."

"ఎవరికైనా సంగతి అనవసరం. నీ సంగతి చెప్పు."

తవిటినాయుడు నిజమే చెప్పాడు. ఏదడిగినా నిజమే చెప్పాడు. సూర్యప్రకాశం గారు చివర లెక్క చూసి పెదవి విరిచారు.

"ప్రమాదస్థాయి దాటి ప్రవహిస్తోంది. పోనీ, ఆధ్యాత్మికత ఏమైనా ఉందా?"

ఇది తనకి వచ్చిన ప్రశ్నేనని తవిటినాయుడు ముందుకి జరిగాడు. "ఉంది బాబూ. తల్లీపిల్లా సుకంగా బైటపడితే తలనీలాలు ఇస్తానని కొండమ్మతల్లికి మొక్కుకున్నాను."

సూర్యప్రకాశం గారు కాసేపు అతనివైపు జాలిగా చూశారు.

"బయటపడితే ఇస్తానన్నావు. అంటే బయటపడరేమోనన్న అనుమానం నీకుంది. నాయనా, మొక్కు అంటే ఏమిటి? భవిష్యత్తు గురించిన భయాన్ని దేవతల దగ్గర రిజిస్టరు చేయించడం. నీ ఆధ్యాత్మికతలోకే దిగులు ఊరిపోయింది. గట్టుకి గండి పడితే ఎలాగో, ఇదీ అంతే."

బయటపడరేమోనన్న మాట ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు. తవిటినాయుడు కూడా అనలేదు. ఇప్పుడు గవర్నమెంటు వారే అనేశారు.

సూర్యప్రకాశం గారి నివేదిక చూసి కమిషనర్ గారు ఎంతో ముగ్ధులయ్యారు. రాష్ట్రమంతటా ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు రహస్యంగా మొక్కుకుంటున్నారనీ, ఆ మొక్కులన్నీ షరతులతో కూడి ఉన్నాయనీ ఆయనకి అంతవరకూ తెలియదు. వెంటనే రెండో సర్క్యులర్ వచ్చింది. ఇకపై మొక్కులన్నీ ముందే చెల్లించాలి. కోరిక ఏదైనా తర్వాత. ముందే చెల్లించినవాడికి ఫలితం గురించి దిగులుండదు కాబట్టి, చెల్లింపే నిశ్చింతకు రుజువు. పురుషులకు గుండు, స్త్రీలకు మూడు కత్తెర్లు. ధ్యానం, జపం వంటివి తనిఖీకి దొరకవు. గుండు దూరం నుంచే కనబడుతుంది.

కార్యాలయం పెరట్లో టార్పాలిన్ కట్టారు. క్షవరం చేసే లచ్చన్నను టెండరు మీద పెట్టుకున్నారు. రేషన్ డీలర్‌ని తూకంరాయితో కొట్టి బాండు మీద ఉన్న రాములమ్మ అందరికంటే ముందు కూర్చుని మూడు కత్తెర్లు ఇప్పించుకుంది. జుట్టు మళ్లీ పెరుగుతోందంటే ఆధ్యాత్మికత తగ్గుతున్నట్టే కాబట్టి, నెలకోసారి తలలు తడిమి చూడాలని దక్షిణామూర్తి గారు సొంతంగా ఒక నిబంధన చేర్చాడు. దానికి ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది.

తవిటినాయుడు వరసలో నిలబడలేదు. లోపలికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"బాబూ, ఇంటిది కడుపుతో ఉన్నప్పుడు మొగుడు తల మీద కత్తెట్టకూడదండీ. అయిదో నెల కాడ్నించీ నాను గెడ్డం కూడా గీయించలేదు. తమరికి తెలీనిదేటుంది."

దక్షిణామూర్తి గారికి తెలుసు. ఆయన భార్య కడుపుతో ఉన్న రోజుల్లో ఆయన కూడా ఋషిలాగే తిరిగాడు. కానీ సర్క్యులర్‌లో ఆ సంగతి లేదు.

"అది ఆచారం. ఇది ఆధ్యాత్మికత. శాఖ ఈ రెండింటినీ కలపదు" అన్నాడు.

పక్కనే ఉన్న సూర్యప్రకాశం గారు అడిగారు. "గుండు చేయించుకుంటే ఏమవుతుందని నీ భయం?"

"బిడ్డకి కీడంటారు బాబూ."

"అదిగో. మళ్లీ భవిష్యత్తు."

గుండు లేకపోతే మదింపు లేదు. మదింపు లేకపోతే అనుమతి లేదు. అనుమతి లేకపోతే నీలవేణి దగ్గరికి వెళ్లడం లేదు. తవిటినాయుడు టార్పాలిన్ కింద చాలాసేపు నిలబడి, చివరికి పీట మీద కూర్చున్నాడు. లచ్చన్న తల తడపబోయి, పెరిగిన గడ్డం చూసి ఆగిపోయాడు.

"ఇంటికాడ కడుపుతోటి ఉన్నాదేటి?"

"ఉన్నాది."

"నా సేత్తో నాను సెయ్యను. పాపం నాకు తగుల్తాది" అని లచ్చన్న కత్తి కింద పెట్టేశాడు. దక్షిణామూర్తి గారు వచ్చి టెండరు షరతులు చదివి వినిపించాక మళ్లీ తీసుకున్నాడు. మొహం చూడలేక వెనకవైపు నుంచి మొదలుపెట్టాడు. తవిటినాయుడు కళ్లు మూసుకుని, అమ్మా తల్లీ ఇది నా మీద వెయ్యి, దాని మీద వెయ్యకు అని లోపల్లోపల మొక్కుకున్నాడు. అది కూడా షరతుతో కూడిన మొక్కే. అదృష్టవశాత్తూ ఎవరూ వినలేదు.

గుండు చేయించుకున్నాక మళ్లీ మదింపు జరిగింది. అంతకుముందు అతనికి ఉన్నది మామూలు బెంగ. ఇప్పుడు బిడ్డకి తన చేతులతో కీడు తెచ్చానన్న బెంగ కూడా చేరింది. స్థాయి చూసి సూర్యప్రకాశం గారే భయపడ్డారు.

"ఆధ్యాత్మికత పెరిగింది. దాంతోపాటు దిగులూ పెరిగింది. పరిశోధన తప్పయ్యే ప్రశ్నే లేదు కాబట్టి తప్పు ఈ మనిషిలో ఉంది" అని ఆయన తేల్చారు. రోజూ సాయంత్రం వచ్చి తన ఎదుట నిశ్చింత సాధన చెయ్యమన్నారు.

గేటు దగ్గర రాములమ్మ అతన్ని పక్కకి పిలిచింది. ఆవిడ అప్పటికే మదింపులో నెగ్గేసి, నిశ్చింత ధ్రువపత్రం పుచ్చుకుని, చెల్లెలు ఊరికి వెళ్లే అనుమతి కోసం తిరుగుతోంది.

"ఎర్రి నాయాలా, నిజం సెప్తావేటి ఆలకి? ఏటడిగినా 'అమ్మ దయ' అను. పిల్లలేటైపోతారంటే అమ్మ దయ. జైలుకెల్తే ఏటంటే అమ్మ దయ. మొగాన ఏటీ కనబడనీకు."

"లోపలున్నది ఎక్కడికి పోద్ది అప్పా?"

"లోపల్దాని జోలి ఆలకెందుకు? ఆలకి పైదే కావాల."

ఆ రోజు నుంచి తవిటినాయుడు మారాడు. టీకొట్టులో పంచదార సరిపోయిందా అన్నా అమ్మ దయే, పంపులో నీళ్లొచ్చాయా అన్నా అమ్మ దయే. సూర్యప్రకాశం గారు ఎదురుగా కూర్చుని రకరకాల విపత్తులు చెప్పి చూసేవారు. ఆటో బోల్తా పడినట్టు, ఇల్లు కాలినట్టు. తవిటినాయుడు మొహంలో ఏమీ కదిలేది కాదు. నీటిమట్టం రోజురోజుకీ పడిపోతోందని ఆయన ఆనందించారు.

ఒక సాయంత్రం సాధన జరుగుతుండగానే నీలవేణి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టమని సూర్యప్రకాశం గారు సైగ చేశారు.

"మావా, ఆసుపత్రిలో జేర్చినారు. కళ్లు మసకేస్తన్నాయి. తలకాయి పగిలిపోతంది. బయమేస్తంది మావా."

సూర్యప్రకాశం గారు అతని మొహంలోకే చూస్తున్నారు.

"అమ్మ దయ" అన్నాడు తవిటినాయుడు.

"నువ్వెప్పుడొస్తావు?"

"అమ్మ దయ."

"నామీద నీకు బెంగలేదేటి?" అంది నీలవేణి, మెల్లిగా.

సూర్యప్రకాశం గారు ముందుకి వంగారు. తవిటినాయుడు గోడ మీద కేలెండరు వైపు చూస్తూ, "లేదు" అన్నాడు.

నీలవేణి ఫోన్ పెట్టేసింది. సూర్యప్రకాశం గారు లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపేశారు. మర్నాడే ధ్రువపత్రం వచ్చింది. పొట్నూరు తవిటినాయుడు అను వ్యక్తికి భవిష్యత్తును గూర్చి ఏ విధమైన దిగులు గాని, భయము గాని, ఆలోచన గాని లేవని శాఖ పూచీ పడుతోందని అందులో ఉంది. జిల్లాలో అన్ని విధాలా సున్నా వచ్చినవాడు అతనొక్కడే.

ఆ కాగితం పట్టుకుని దక్షిణామూర్తి గారి గదిలోకి పరిగెత్తాడు.

"ఇంక నానెల్లొచ్చునా బాబూ?"

"తప్పకుండా. నీకు అర్హత వచ్చింది" అని ఆయన పెన్ను తీశాడు. "కారణం ఏం రాయమంటావు?"

"పురుడు బాబూ."

"పురుడు ఆవిడది. నువ్వు వెళ్లాల్సిన కారణం అడుగుతున్నాను. ఆవిడకి ఏమవుతుందోనని వెళుతున్నావా?"

తవిటినాయుడు చేతిలోని ధ్రువపత్రం వైపు చూశాడు.

"అవునంటే నీకు దిగులుంది, ధ్రువపత్రం రద్దు చెయ్యాలి. కాదంటే నువ్వు వెళ్లాల్సిన అవసరం లేదు. ఊరికే అని రాస్తే ఇప్పుడు పైనుంచి ఒప్పుకోరు. రాములమ్మ దరఖాస్తు కూడా ఇలాగే ఆగింది" అని దక్షిణామూర్తి గారు బాధగానే చెప్పాడు. "ఎల్లుండి కమిషనర్ గారు వస్తున్నారు. ఆదర్శ వ్యక్తిగా నిన్ను వేదిక మీద కూర్చోబెడుతున్నాం. ఆ తర్వాత చూద్దాం."

ఎల్లుండి కార్యాలయం పెరట్లో షామియానా వేశారు. ముందు వరసల నిండా గుండు తలలు మెరుస్తున్నాయి. కమిషనర్ గారు మైకు ముందుకి వచ్చి, భవిష్యత్తు లేని సమాజమే శాఖ లక్ష్యమని ఉపన్యసించారు. దిగులు లేని సమాజం అనబోయారని పక్కవాళ్లు తర్వాత సర్దిచెప్పారు. ఆపైన తవిటినాయుణ్ణి పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు.

అతను మైకు పట్టుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. కమిషనర్ గారు చిరునవ్వు నవ్వి, పరవాలేదు మాట్లాడమన్నారు. ఆదర్శ వ్యక్తి ఫోనెలా మాట్లాడతాడో చూడాలని ఆయనకీ ఉంది.

అత్తగారు. "అల్లుడు బాబూ, పిల్లకి మూర్ఛొచ్చీసింది. కోసి తియ్యాలంటన్నారు. ఇద్దర్లో ఎవులు దక్కుతారో సెప్పలేమంటన్నారు. బేగి రా నాయనా."

మైకు దగ్గరగా ఉండటంవల్ల ఆ మాట షామియానా అంతా వినబడింది. అందరూ అతనివైపే చూశారు. కమిషనర్ గారు తల ఆడిస్తూ, అమ్మ దయ అన్న మాట కోసం ఎదురుచూశారు.

తవిటినాయుడు మైకు బల్ల మీద పెట్టి వేదిక దిగాడు. గేటు వైపు నడిచాడు. దక్షిణామూర్తి గారు పరిగెత్తుకుంటూ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి? అనుమతి లేకుండా వాగు దాటావంటే బాండు రద్దవుతుంది. జైల్లో వేస్తారు. రేపు నీ గతేమవుతుందో ఒక్కసారి ఆలోచించుకో."

"ఆలోచన్లేదని తవరే రాసిచ్చినారు గదండీ" అన్నాడు తవిటినాయుడు. "పక్కకి తప్పుకోండి బాబూ."

దక్షిణామూర్తి గారికి ఆ క్షణంలో ఒక సంగతి తట్టింది. ఇన్నాళ్లూ వీళ్లందర్నీ జిల్లాలో కట్టిపడేసింది గోడలూ కాదు, పోలీసులూ కాదు. రేపు ఏమవుతుందోనన్న ఆ భయం ఒక్కటే. దాన్ని శాఖవారు ఖర్చు పెట్టి, టెండరు పిలిచి, ప్రతి తలా తడిమి చూసి మరీ తీసేశారు. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

"అంత ధైర్యంగా ఎలా వెళుతున్నాడయ్యా?" అని కమిషనర్ గారు వేదిక మీద నుంచి అడిగారు.

"మన శిక్షణే సార్" అన్నారు సూర్యప్రకాశం గారు.

రాములమ్మ కూడా లేచి కొంగు దులుపుకుంది. "నాకూ సర్టిఫికెట్టుంది బాబూ, నా సెల్లెలింటికెల్తన్నాను" అని చెప్పి నడిచింది. ఆవిడ వెనక ఒక వరస, ఆ వరస వెనక ఇంకో వరస లేచాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. అంత ప్రశాంతంగా ఒక సభ ఖాళీ కావడం ఆ జిల్లాలో ఎవరూ చూడలేదు.

తవిటినాయుడు ఆటో తీశాడు. ఊరు దాటేవరకూ మొహం అలాగే బిగబట్టి ఉంచాడు. వాగు వంతెన ఎక్కాక వదిలేశాడు. గట్టిగా ఏడ్చాడు. నీలవేణి ఉందో లేదో అనుకున్నాడు, బిడ్డ ఉందో లేదో అనుకున్నాడు, గుండు వల్లే ఇదంతా వచ్చిందనుకున్నాడు, నోటితో లేదన్న బెంగే నిజమై కూర్చుందనుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకుండా దాచుకున్నదంతా బయటికి వదిలి, దారి పొడుగునా కడుపునిండా బెంగపడ్డాడు.

ఆసుపత్రి వరండాలో అత్తగారు అతని గుండు చూసి కొయ్యబారిపోయింది. తిట్టబోయి, మొహం చూసి మానేసింది. భుజం మీది తువ్వాలు లాగి తనే అతని తలకి చుట్టి, లోపలికి తోసింది.

నీలవేణి మంచం మీద ఉంది. చేతికి సెలైను, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పక్కన గుడ్డలో చుట్టిన ఆడపిల్ల. ఇద్దరూ ఊపిరి తీస్తున్నారు. తవిటినాయుడు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

నీలవేణి కళ్లు తెరిచి అతన్ని చూసింది.

"ఎనక్కెల్తే జైల్లో ఎడతారేటి?" అంది.

"ఎడతారు."

"బయమేస్తందా?"

"ఏస్తంది."

"నామీద బెంగెట్టుకున్నావా?"

"సచ్చిపోయేంత ఎట్టుకున్నాను" అన్నాడు తవిటినాయుడు.

నీలవేణి నొప్పికి పళ్లు బిగించి, బిడ్డని కొంచెం ఇవతలికి జరుపుకుని, మంచం మీద అతనికి చోటు చేసింది.